మే నెలలో ఆకున్న చెట్టు

అమెరికాలో నర్సరీకి వెళ్లి మొక్క కొంటే దాని కొమ్మకు వేలాడే చీటీ మీద ఒక అంకె ఉంటుంది. 8 నుంచి 10 అనో, 9 నుంచి 11 అనో. దాన్ని హార్డినెస్ జోన్ అంటారు. అక్కడి వ్యవసాయ శాఖ 1960లో మొదటిసారి ఈ పటం వేసింది. తాజా పటం 2023లో వచ్చింది, 1991 నుంచి 2020 దాకా ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కలతో. ఏడాది మొత్తంలో అన్నిటికన్నా చల్లటి రాత్రి ఎంత చలి పడిందో ఏటేటా తీసుకుని, సగటు కట్టి, పది ఫారెన్‌హీట్ డిగ్రీలకో జోన్ చొప్పున దేశాన్ని 13 జోన్లుగా విడగొట్టారు. డాలస్ 8లో ఉంది, హ్యూస్టన్ 9లో. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు కరివేపాకు మొక్కను కుండీలో పెంచి, చలికాలం రాగానే గ్యారేజీలోకి మోసుకెళ్లేది ఈ అంకెను నమ్మే. అదీ పూర్తి భరోసా కాదు. 9వ జోన్‌కు అడుగు మైనస్ 6.7 సెంటీగ్రేడు డిగ్రీలైతే, 2021 ఫిబ్రవరిలో హ్యూస్టన్ మైనస్ 10 కూడా దాటి గడ్డకట్టింది. సగటు చూసి నాటిన చెట్లు ఆ ఒక్క వారంలో ఎన్నో పోయాయి.

ఇప్పుడు మన దగ్గర కూడా ఇళ్ల ముందు తోటలు డిజైన్ చేసేవాళ్లు, లేఅవుట్ల బ్రోచర్లు వేసేవాళ్లు ఈ జోన్ మాట వాడుతున్నారు. అధికారిక పటం అమెరికా వరకే అయినా కొలత ఎక్కడికైనా పనికొస్తుంది. దాని ప్రకారం చూస్తే, ఏజెన్సీ కొండలు వదిలేస్తే, ఆదిలాబాద్ నుంచి నెల్లూరు దాకా మన నేలంతా 11 నుంచి 13వ జోన్ లోపే పడుతుంది. అంటే చలికి చచ్చే ఉష్ణమండలపు చెట్టు మనకు దాదాపు లేనట్టే. మడగాస్కర్ తురాయి, క్యూబా రాయల్ పామ్, సోమాలియా కోనోకార్పస్, మన వేప అన్నీ నెగ్గుతాయి. అందరూ పాసయ్యే పరీక్షలో మార్కులు చూసి అల్లుణ్ని ఎంచుకున్నట్టే, ఈ అంకె చూసి చెట్టును ఎంచుకోవడం.

ఈ లోటు అమెరికా వాళ్లకే తెలిసి, 1997లో అక్కడి హార్టికల్చరల్ సొసైటీ వేడి పటం ఒకటి వేసింది. ఏడాదిలో 30 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన రోజులెన్నో లెక్కగట్టి 12 జోన్లు చేశారు. 210 రోజులు దాటితే చివరిదైన 12వ జోన్. మన మైదానాలు చాలావరకు అందులోకే వెళ్లి కూర్చుంటాయి. మళ్లీ అదే కథ, తేడా తేలదు. రెండు పటాలూ అడగనివి మూడున్నాయి: వాన ఎన్ని నెలలు కురవదు, గాలి ఎంత వేగంగా వీస్తుంది, వేరు కింద ఏముంది. మన దగ్గర చెట్టు బతుకంతా ఈ మూడిటి చుట్టూ తిరుగుతుంది.

మొదటిది అన్నిటికన్నా ముఖ్యం. తెలంగాణలోనూ రాయలసీమలోనూ వానంతా నాలుగైదు నెలల్లో కురిసి పోతుంది. మిగతా ఏడెనిమిది నెలలు నేల ఎండుతూనే ఉంటుంది. మన అడవి దీనికి కనిపెట్టిన ఉపాయం ఆకు రాల్చడం. అయితే రాల్చే తీరులో చెట్టుకీ చెట్టుకీ చాలా తేడా ఉంది, నీడ కోసం చెట్టు నాటేవాడు మొదట చూడవలసింది ఆ తేడానే. వేప, కానుగ, రావి ఫిబ్రవరి మార్చి నెలల్లో ఆకు రాల్చి, నేలలో చుక్క తడి లేకపోయినా మార్చి దాటేలోపే కొత్త చిగురు వేసేస్తాయి. ఉగాది పచ్చడిలోకి వేపపూత దొరికేది అందుకే. ఏప్రిల్, మే వచ్చేసరికి వాటి కింద నీడ చిక్కగా ఉంటుంది. మర్రి, నేరేడు, పొగడ, చింత లాంటివి ఏడాదిలో ఎప్పుడూ పూర్తిగా బోసిపోవు. దీనికి భిన్నంగా దిరిసెన కాయలు గలగలలాడించుకుంటూ వేసవి మొదట్లో మోడుగా నిలబడుతుంది. మోదుగ, బూరుగ ఆకు లేకుండానే పూస్తాయి. రేల పసుపు గుత్తులు వేలాడదీసే రోజుల్లో దాని కింద నిలబడి చూడండి, పూలు తప్ప నీడ ఉండదు. తురాయి కూడా ఎండ ముదిరేదాకా బోసిగానే ఉండి, పూలతోపాటు తాపీగా ఆకు తొడుగుతుంది.

బస్టాపు పక్కన, బడి ఆవరణలో, కూరగాయలు అమ్మేవాళ్లు కూర్చునే రోడ్డువార ఏ చెట్టు వేయాలన్న దానికి నా దృష్టిలో మొదటి ప్రశ్న ఇదొక్కటే: మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు దానికి ఆకు ఉంటుందా? ఈ ప్రశ్నకు ఏ జోన్ పటమూ జవాబు చెప్పదు. మన పాత రోడ్ల వెంట చింతలు, మర్రులు, కానుగలు, వేపలు ఉండటం చూస్తే ఈ లెక్క ఎవరో ముందే కట్టారనిపిస్తుంది. హైదరాబాదు నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ వెళ్లే దారిలో వందలకొద్దీ మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు వాటికోసం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి కొట్లాడినవాళ్లున్నారు. ఎండలో ఆ దారిన వెళ్లినవాళ్లకు ఆ పట్టుదల ఎందుకో చెప్పనక్కర్లేదు.

పూల కోసం చెట్టు నాటే పద్ధతికి మన దేశంలో పెద్ద పేరు తెచ్చింది బెంగళూరు. జర్మనీ నుంచి వచ్చి లాల్‌బాగ్ బాధ్యతలు చూసిన క్రుంబిగల్, ఒక జాతి పూత ముగిసేసరికి మరో జాతి పూసేలా వీధులకు చెట్లు ఎంచాడు. టబెబుయాలు, జకరందాలు, తురాయిలు అక్కడ అందుకే అంత అందం. ఆ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉందనీ, అక్కడి మే మన మే కాదనీ మరిచిపోయి విజయవాడలోనూ రామగుండంలోనూ అదే జాబితా దించుకుంటే పూలు ఫొటోలకి వస్తాయి, నడిచేవాడి నెత్తి మాడుతుంది. పూలచెట్టు వద్దనడం లేదు. రేల కన్నా అందమైన చెట్టు నా కంటికి ఇంకోటి లేదు. పార్కులో వేద్దాం, కూడళ్లలో వేద్దాం. నీడ అక్కర్లేని చోటు ఊళ్లో చాలానే ఉంటుంది. అన్నిటికన్నా విచిత్రం నరమామిడిది. అశోకం పేరుతో అమ్ముడవుతూ ప్రతి అపార్ట్‌మెంటు గోడ వెంట సిపాయిలా నిలబడే ఆ చెట్టుకు నీడా లేదు, పూలూ కంటికి ఆనవు. చోటు తక్కువ తీసుకుంటుందన్న ఒక్క సుగుణంతో ఊరంతా నిండిపోయింది.

ఇక తొందర పచ్చదనం సంగతి. గత పదేళ్లలో మన పట్టణాల రూపు మార్చింది ఇదే. 2015 జులైలో చిలుకూరులో మొదలైన హరితహారం లక్ష్యం తెలంగాణలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచడం. లక్ష్యం పెద్దది. రోడ్డుమధ్య డివైడర్లు త్వరగా పచ్చబడాలి, పశువులు మేయకూడదు, నీళ్లు తక్కువైనా చావకూడదు. ఈ మూడూ తీర్చే చెట్టు నర్సరీల్లో సిద్ధంగా దొరికింది, కోనోకార్పస్. ఆ పేరుతో తిరుగుతున్నవి రెండు జాతులు. ఒకటి అమెరికా ఖండపు తీరాల్లో మడ అడవుల అంచున పెరిగేది, మరొకటి సోమాలియా వైపు ఎండువాగుల్లో పెరిగేది. ఉప్పునీళ్లనూ కరువునూ ఓర్చే చెట్టుకు మన డివైడరు ఒక లెక్క కాదు. ఏడాదిలో గోడలా లేచింది. గల్ఫ్ దేశాల్లో అప్పటికే దాని సంగతి తెలుసు. నీటికోసం దాని వేళ్లు పైపుల్లోకి, డ్రైనేజీల్లోకి దూరి అక్కడి మున్సిపాలిటీలకు తలనొప్పి తెచ్చాయి. గుజరాత్ 2023లో నాటడం నిషేధించింది, తమిళనాడు 2025లో. తెలంగాణలో నర్సరీల్లో పెంచడం ఆపమన్నారు. కాకినాడలో కొట్టేయాలా వద్దా అన్నది కోర్టు దాకా వెళ్లింది.

ఈ గొడవలో ఒక మాట సూటిగా చెప్పాలి. కోనోకార్పస్ ఆక్సిజన్ మింగి బొగ్గుపులుసు వాయువు వదులుతుందని వాట్సాప్‌లో తిరిగేది అబద్ధం. పచ్చటి ఆకున్న ఏ చెట్టయినా పగలు చేసే పని ఒకటే. పుప్పొడి గాలిలో ఎగిరే జాతి కాబట్టి అలర్జీ భయానికి కొంత ఆధారం ఉంది, కాని ఊరు ఊరంతా దగ్గుతున్నది దానివల్లనే అనడం అతి. దాన్ని వద్దనడానికి ఇంత బెదిరింపు అక్కర్లేదు. దాని కింద మనిషి కూర్చోడు, దాన్ని కత్తిరించి గోడలా ఉంచితే పిట్టకు పండు దొరకదు, పైపుల పక్కన నాటితే తవ్వుకోవాలి. ఈ కారణాలు చాలు. తప్పు చెట్టుదా, లక్షల్లో మొక్కలు లెక్కగట్టి నెలల్లో పచ్చదనం చూపమన్న పద్ధతిదా అంటే, నేను రెండోదే అంటాను. కోనోకార్పస్ పోయి ఇంకొకటి వస్తుంది, ప్రశ్న మారకపోతే.

వచ్చేసింది కూడా. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో త్వరగా పచ్చదనం తేవాలని విరివిగా నాటిన వాటిలో ఏడాకుల పాల ఒకటి. ఇది పరాయిది కాదు, అచ్చంగా మన అడవి చెట్టు. శాంతినికేతన్‌లో పట్టా పుచ్చుకునే విద్యార్థులకు దీని ఆకును చేతికిచ్చే ఆచారం ఉండేది. తొందరగా పెరుగుతుంది, అంతస్తులుగా గుబురుతుంది, పశువులు ముట్టవు. అయితే అక్టోబరు దాటాక పూసినప్పుడు ఒక చెట్టు వాసన మత్తుగా ఉంటుంది, వీధి పొడుగునా వంద ఒకేసారి పూస్తే తల పగులుతుంది. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటిగా ఉండేదాన్ని వరసకట్టి నాటడమే ఇక్కడి పొరపాటు. విశాఖలో జనం ఫిర్యాదు చేసింది దానిమీదే.

కాబట్టి దేశవాళీ అయితే చాలు అనే వాదం కూడా సగమే నిజం. ఆ వాదానికి బలమైన దన్ను ఉంది: మన పిట్టలూ సీతాకోకలూ తరాలుగా ఎరిగిన పండు, ఆకు మన చెట్లవే. పరాయి చెట్టు కొన్నిసార్లు అదుపు తప్పుతుంది. సర్కారు తుమ్మ చెరువు కట్టల్ని ఎలా ఆక్రమించిందో పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. ఇది ఒకవైపే జరిగే కథ కాదు. ఆసియా నుంచి వెళ్లిన తురకవేప టెక్సస్‌లో వాగుల వెంట కలుపులా అల్లుకుపోయింది. అక్కడి మన తెలుగువాళ్లు దాన్ని చూసి వేప అనుకుని ముచ్చటపడితే అక్కడి అటవీశాఖ పీకేయమంటుంది. కాని దేశవాళీ గీత ఎక్కడ గీస్తారు? మనం సొంతమనుకునే చింత ఆఫ్రికా నుంచి ఎన్నో వందల ఏళ్ల కిందట వచ్చింది. చిలకలు ఎగబడే సీమచింత అమెరికాది, నిద్రగన్నేరూ అక్కడిదే. తాత జాగా ఏదని అడిగే ముందు అది ఇక్కడ ఏం చేస్తోందని అడగడం నయం. అదుపులో ఉందా, నీడిస్తుందా, పిట్టకేమైనా పెడుతుందా అన్నది చూస్తే సర్కారు తుమ్మ ఓడుతుంది, చింత గెలుస్తుంది.

వేప విషయంలో వచ్చిన దెబ్బ ఇంకో పాఠం. 2021 చివర్లో, ఆ తర్వాతి ఏళ్లలో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు చివర్ల నుంచి ఎండి గోధుమరంగుకు తిరిగాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు చిగుళ్ల రసం పీల్చే టీ దోమ పురుగు కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు. చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. వేప మొండిది, సరే. కాని వీధి మొత్తం ఒకే జాతి అయితే ఒక తెగులు చాలు, వీధి బోడి అవుతుంది. అమెరికాలో సాంటమోర్ అనే శాస్త్రవేత్త 1990లో ఒక మోటు లెక్క చెప్పాడు: ఊళ్లో ఒకే జాతి 10 శాతం, ఒకే ప్రజాతి 20 శాతం, ఒకే కుటుంబం 30 శాతం మించకూడదని. మెల్‌బోర్న్ నగరం దాన్ని ఇంకా బిగించి 5, 10, 20 చేసుకుంది. మన ఊళ్లలో ఎవరైనా రోడ్డు చెట్ల లెక్క తీస్తే ఏ జాతి ఎంతుందో చూడాలని నాకు ఆశ. కానుగ, తురాయి, పచ్చతురాయిలతోనే సగం దాకా తేలినా ఆశ్చర్యపోను.

గాలి కోస్తా వాళ్ల ప్రశ్న. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నగరంలో పచ్చదనం ఒక్క పూటలో నేలమట్టమైంది. విరిగినవాటిలో ఎక్కువ కొయ్య పెళుసైన, వేళ్లు పైపైన పాకే చెట్లే. తురాయికి ఈ రెండు గుణాలూ ఉన్నాయి. తుపానులకు ఏ చెట్టు నిలుస్తుందన్న దాని మీద నిదానంగా పని చేసింది ఫ్లోరిడా విశ్వవిద్యాలయం. 1992 నాటి ఆండ్రూ హరికేన్ నుంచి 2004, 2005 హరికేన్ల దాకా ఏ చెట్టు పడింది, ఏది నిలిచిందని వీధి వీధీ తిరిగి రాసుకున్నారు. వాళ్లు తేల్చింది మనకు పూర్తిగా పనికొస్తుంది: గుంపుగా నాటినవి ఒంటరి చెట్లకన్నా తక్కువ పడ్డాయి. వేళ్లకు జాగా ఎక్కువున్నవి నిలిచాయి. కొమ్మలు పద్ధతిగా కత్తిరించినవి బతికాయి. అక్కడ సేబల్ తాటిచెట్టుకు ఉన్న పేరు ఇక్కడ మన తాడికి ఉంది. నీడ లేకపోయినా సముద్రం వైపు మొదటి వరసలో దాన్ని ఎందుకు మరిచిపోయామో. దాని వెనక పొన్న, గంగరావి, కానుగ ఉప్పుగాలిని తట్టుకుంటాయి. చింత గాలికి గట్టిదని ఉష్ణదేశాలన్నిటా పేరుంది.

ఇంకో రహస్యం నర్సరీ కవరులో ఉంది. మొక్క ఎక్కువ కాలం కవరులో ఉంటే వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోతాయి. నాటిన తర్వాత కూడా అలాగే చుట్టుకుంటూ పోయి, పదేళ్లకు చెట్టు పెద్దదై ఈదురుగాలికి మొదలుతో సహా పక్కకు ఒరుగుతుంది. పడిన చెట్టును చూసి జాతిని తిట్టేముందు వేళ్లు ఎలా ఉన్నాయో వంగి చూడాలి. పొడుగు మొక్క కావాలనే మోజు ఇక్కడే బెడిసికొడుతుంది. మూడడుగుల మొక్క నాటినవాడు రెండు వేసవులు నీళ్లు పోసి చూసుకుంటే, పన్నెండడుగుల మొక్క తెచ్చినవాణ్ని చాలాసార్లు కొన్నేళ్లలోనే దాటేస్తాడు.

నేల గురించి క్లుప్తంగా. నల్లరేగడి ఎండితే బీటలు వేస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. గోడకు ఆనించి పెద్ద చెట్టు పెట్టొద్దు. మురుగునీరు నిలిచే చోట వేప నిలవదు, కానుగ, తెల్లమద్ది నిలుస్తాయి. హైదరాబాదు చుట్టూ ఉన్న చల్క నేలల్లో అడుగున మొరం, దాని కింద బండ ఉంటాయి. గొయ్యి లోతుగా, వెడల్పుగా తవ్వి మొరం పగలగొట్టకపోతే ఏ చెట్టయినా పూలకుండీలో మొక్కే. తీగల కింద నిద్రగన్నేరు నాటి ఏటా కరెంటోళ్ల కత్తికి తల వంచేలా చేసే బదులు దేవకాంచనం, పారిజాతం, ఉసిరి, మారేడు లాంటి పొట్టి చెట్లు వేయొచ్చు. మొదలు చుట్టూ సిమెంటు పోయడం మాత్రం ఏ చెట్టుకైనా ఉరే. ఢిల్లీలో 2013లో హరిత ట్రిబ్యునల్ చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. మన ఊళ్లలో కొత్త ఫుట్‌పాత్ వేసినప్పుడల్లా ఆ మీటరు గుర్తుచేయాల్సి వస్తోంది. పైగా తప్పు చెట్టు వేస్తే తీసేయడం కూడా సులువు కాదు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొట్టాలంటే అనుమతి కావాలి. ఆ చట్టం ఉండాల్సిందే. అందుకే నాటేముందే ఆలోచించాలి.

రాబోయే వేడి లెక్క కూడా ఒకటుంది. 2022లో 78 దేశాల్లోని 164 నగరాల చెట్ల మీద అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం, ఆ నగరాల్లో ఉన్న జాతుల్లో సగానికి పైగా ఇప్పటికే తమకు అలవాటైన ఉష్ణోగ్రత హద్దు దాటిన చోట బతుకుతున్నాయని చెప్పింది. ఈ రోజు నాటిన మర్రి 2070లో కూడా ఉంటుంది. కాబట్టి ఇవాళ్టి వాతావరణానికి సరిపోయేది కాక, రామగుండంలో, రెంటచింతలలో ఇప్పటికే బతికి ఉన్నవాటిని చూసి హైదరాబాదుకు ఎంచుకోవడం తెలివైన పని.

ఇంతా చెప్పినా, రోడ్డు పక్కకు ఏ చెట్టు వస్తుందో నిర్ణయించేది చివరికి ఉద్యానశాఖ నిపుణుడు కాదు, నర్సరీలో ఆ వారం ఉన్న సరుకు. రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక నర్సరీల నుంచి దేశమంతటికీ లారీల్లో మొక్కలు వెళతాయి. అక్కడ రాయల్ పామ్, ఫాక్స్‌టెయిల్ పామ్, టబెబుయా వరసలు వరసలుగా ఉంటాయి. పొగడ కొద్దిగా దొరుకుతుంది. కొండపల్లి బొమ్మల కొయ్య ఇచ్చే తెల్లపొణికి, చెన్నంగి, బిల్లు, ఇప్ప లాంటి మన అడవి చెట్లను పెద్ద లెక్కలో అడిగితే ఇచ్చేవాడు కనబడడు. ఒకప్పుడు కడియానికి దగ్గర్లోనే సామర్లకోటలో కూర్చుని వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ దొర ఇలాంటి చెట్లెన్నిటికో బొమ్మలు వేయించి ప్రపంచానికి చూపించాడు. ఇవాళ ఆ తోవలోనే వాటికి గిరాకీ లేదు. నర్సరీ యజమానిని తప్పుబట్టలేం. టెండరు మే నెలలో పిలిచి జూన్‌లో ఆరడుగుల మొక్కలు లక్ష కావాలంటే, త్వరగా ఎదిగేదే ఆయన పెంచుతాడు. పొగడ ఆరడుగులు కావడానికి కొన్నేళ్లు పడుతుంది. ఏ మున్సిపాలిటీ అయినా మూడేళ్ల ముందే ఫలానా జాతులు ఇన్ని వందలు, పెద్ద కవర్లు కాకుండా వేళ్లు చుట్టుకోని వయసులో తీసుకుంటామని రాసిస్తే, అడ్వాన్సు ఇస్తే, కడియంలో తెల్లపొణికి మొలకలు పోయడానికి కాదనేవాడు ఉండడు.